చేతిలో రెండు మూడు ఫారిన్ ఆఫర్లు ఉన్నప్పుడు ఏది ఒప్పుకోవాలి: తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి వివరంగా

ఫిబ్రవరి చివరి నుంచి జూన్ దాకా మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే మాట. అప్లై చేసేటప్పుడు ఎక్కడో ఒకచోట వస్తే చాలు అనుకుంటాం, తీరా మూడు చోట్ల నుంచి అడ్మిట్ వచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఒకటి పేరున్న యూనివర్సిటీ కానీ ఫీజు చూస్తే గుండె ఆగుతుంది, ఇంకోటి ఫీజు తక్కువ కానీ పేరు ఎవరూ వినలేదు, మూడోది వేరే దేశంలో. బంధువులు ఒకటి చెప్తారు, కన్సల్టెన్సీ వాళ్లు ఇంకోటి చెప్తారు, క్లాస్‌మేట్స్ గ్రూపులో అందరూ ఒకే చోటికి పోదాం అంటా ఉంటారు, ఈ లోపల డిపాజిట్ డెడ్‌లైన్ దగ్గరికొచ్చేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ర్యాంకు, సిటీ, ఫ్రెండ్స్ అన్నీ తర్వాత. ఫస్ట్ చూడాల్సింది, చదువు అయ్యాక అక్కడ జాబ్ దొరక్క ఇంటికి తిరిగొచ్చేయాల్సి వస్తే ఆ అప్పు మన సంపాదనతో కట్టగలమా లేదా అని. మన పిల్లలు చాలామంది పోయేది నాయన కట్టిన ఇంటి డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి, కాబట్టి ఈ ప్రశ్న అడగకుండా ఏ ఆఫర్‌కీ సరే అనకూడదు. కింద రాసిందంతా ఆ లెక్క తేల్చుకోవడానికే.

మొదటి అడుగు: లెటర్ మొత్తం చదవండి, చివరి పేజీ దాకా

కంగ్రాచ్యులేషన్స్ అన్న లైను దగ్గరే చాలామంది ఆగిపోతారు. అసలు విషయం కింద ఉంటుంది. మీది కండిషనల్ ఆఫరా, అన్‌కండిషనల్ ఆఫరా అనేది మొదట చూసుకోండి. కండిషనల్ అంటే ఫైనల్ మార్కులు ఇంత రావాలి, ఐఈఎల్‌టీఎస్ ఇంత ఉండాలి, ఫలానా తేదీ లోపల డిగ్రీ ప్రూఫ్ పంపాలి అని ఏదో ఒకటి పెట్టుంటారు. పుత్తూరు, చిత్తూరు, మదనపల్లె వైపు ఇంజినీరింగ్ కాలేజీలు చాలా వరకు జేఎన్‌టీయూ అనంతపురం కిందవే, ఫైనల్ సెమ్ రిజల్ట్స్ వచ్చి, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో చేతికి వచ్చేసరికి యూనివర్సిటీ పెట్టిన తేదీ దాటిపోవచ్చు. అందుకని మీ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో సీనియర్ బ్యాచ్‌కి కిందటేడు ఏ నెలలో ఇచ్చారో ఇప్పుడే కనుక్కోండి. తేదీ కుదరదు అనిపిస్తే యూనివర్సిటీకి ఈ రోజే మెయిల్ పెట్టండి, రిజల్ట్ ఫలానా నెలలో వస్తుంది, అప్పటిదాకా ప్రిన్సిపాల్ ఇచ్చిన కోర్స్ కంప్లీషన్ లెటర్ తీసుకుంటారా అని. చాలా చోట్ల ఒప్పుకుంటారు, కాకపోతే ముందు అడిగినోళ్లకే. ట్రాన్స్‌క్రిప్ట్స్ కోసం అనంతపురం పోయే పని ఉంటే బ్యాక్‌లాగ్స్ వివరాలు కూడా ఒకేసారి క్లియర్ చేసుకుని రండి.

తర్వాత క్యాంపస్ పేరు చూడండి. యూనివర్సిటీ పేరు ఒకటే ఉంటుంది, క్లాసులు మాత్రం వేరే ఊళ్లో చిన్న బ్రాంచ్ క్యాంపస్‌లో ఉంటాయి. బ్రిటన్‌లో ఎక్కడో ఉత్తరాన ఉన్న యూనివర్సిటీలకి లండన్‌లో బ్రాంచ్‌లు ఉన్నాయి, అక్కడ చదివితే లైబ్రరీ, ల్యాబులు, ప్రొఫెసర్లు మెయిన్ క్యాంపస్‌లో ఉన్నంత ఉండవు, ఖర్చు మాత్రం లండన్ ఖర్చు. కెనడాలో ఇది ఇంకా సీరియస్. పబ్లిక్ కాలేజీ సిలబస్‌ని ఒక ప్రైవేట్ కాలేజీ తీసుకుని నడిపే కోర్సులు ఉంటాయి, 2024 మే 15 నుంచి అలాంటి చోట మొదలుపెట్టినోళ్లకి చదువు తర్వాత వచ్చే వర్క్ పర్మిట్ ఇవ్వరు. లెటర్ మీద పబ్లిక్ కాలేజీ పేరే పెద్దగా ఉంటుంది, అడ్రస్ లైను చదివితేనే తెలుస్తుంది.

ఇంకో మూడు విషయాలు: డిపాజిట్ ఎంత, వీసా రిజెక్ట్ అయితే వెనక్కి ఇస్తారా, స్కాలర్‌షిప్ మొదటి సెమిస్టర్‌కేనా లేకపోతే కోర్సు మొత్తానికా. స్కాలర్‌షిప్‌కి జీపీఏ కండిషన్ ఉంటే అది తగ్గిన సెమిస్టర్‌లో ఫుల్ ఫీజు మీ మీద పడుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

రెండో అడుగు: ఆ కాలేజీ నిజంగా కాలేజీయేనా

ఇది మాకెందుకులే అనుకోవద్దు, మన తెలుగు పిల్లలే ఎక్కువగా దెబ్బతిన్న విషయం ఇది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని మూసేసినప్పుడు నడిరోడ్డు మీద పడినోళ్లలో ఎక్కువమంది తెలుగోళ్లే. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ కేసు బయటికొచ్చింది, అది అమెరికా ప్రభుత్వ అధికారులే పెట్టిన ఫేక్ యూనివర్సిటీ, మొదట అరెస్టు చేసిన 130 మందిలో 129 మంది ఇండియన్సే. అది అమెరికా ప్రభుత్వం గుర్తించిన స్కూళ్ల లిస్టులో కూడా కనిపించేది. అంటే లిస్టులో పేరుంటే చాలు అనుకోవడానికి లేదు.

అందుకే రెండు రకాలుగా చెక్ చేయండి. ఒకటి పేపర్ మీద: అమెరికా అయితే ప్రభుత్వ సైట్ స్టడీ ఇన్ ద స్టేట్స్‌లో స్కూల్ సెర్చ్, సీహెచ్ఈఏ (అక్కడి కాలేజీల గుర్తింపు వివరాలు పెట్టే సంస్థ) సైట్‌లో అక్రెడిటేషన్. జర్మనీ అయితే అనాబిన్ అనే వాళ్ల డేటాబేస్‌లో హెచ్ ప్లస్ (గుర్తింపు ఉంది అని) ఉందా, కెనడా అయితే డీఎల్ఐ (ఫారిన్ స్టూడెంట్లని చేర్చుకోవచ్చని అనుమతి ఉన్న కాలేజీలు) లిస్టులో ఉందా, పీజీడబ్ల్యూపీ (చదువు తర్వాత వర్క్ పర్మిట్) వచ్చే కాలేజీయేనా, ఎందుకంటే డీఎల్ఐ అయినంత మాత్రాన వర్క్ పర్మిట్ రాదు. రెండోది మామూలు బుర్రతో: క్లాసులు జరుగుతాయా, టైమ్‌టేబుల్ ఉందా, ప్రొఫెసర్ల పేర్లు వెతికితే మనుషులు కనిపిస్తున్నారా. మొదటి రోజు నుంచే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసుకోవచ్చు, క్లాసుకు నెలకొకసారి వస్తే చాలు అని ఎవరైనా చెప్తే, అదే మంచి ఆఫర్ అని చెప్పేవాళ్లు మీ మేనమామ అయినా సరే, ఆ కాలేజీని లిస్టులోంచి కొట్టేయండి.

మూడో అడుగు: కోర్సు పేరు వదిలేసి సిలబస్ చూడండి

డేటా సైన్స్ అని మూడు యూనివర్సిటీల్లో ఒకే పేరుంటుంది, ఒకచోట స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ నడుపుతుంది, ఒకచోట కంప్యూటర్ సైన్స్, ఇంకోచోట బిజినెస్ స్కూల్. మూడింట్లో నేర్చుకునేది పూర్తిగా వేరు. ప్రోగ్రామ్ పేజీలో కోర్ సబ్జెక్టులు ఏవి, ఎలక్టివ్స్ ఈ సెమిస్టర్‌లో నిజంగా చెప్తున్నారా లేక కేటలాగ్‌లో పేరు మాత్రమే ఉందా, థీసిస్ ఉందా, ఇంటర్న్‌షిప్‌కి టైమ్ దొరుకుతుందా చూడండి. అమెరికాలో ఎంఎస్ అంటే సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు. క్రెడిట్‌కి ఇంత అని ఫీజు ఉంటే 30కి 36కి తేడానే లక్షల్లో ఉంటుంది.

అమెరికా పోయేవాళ్లు తప్పకుండా అడగాల్సింది సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ సబ్జెక్టు కిందకి వస్తుందో చెప్పే నంబరు. మీ ప్రోగ్రామ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉందా లేదా అని తేల్చేది ఆ నంబరే, ఐ-20 మీద, అంటే వీసా కోసం యూనివర్సిటీ పంపే ఫారం మీద ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌కి 11.0701, జనరల్ డేటా సైన్స్‌కి 30.7001, ఈ రెండూ స్టెమ్. మామూలు ఎంబీఏ కోడ్ 52.0201 స్టెమ్ కాదు, అదే బిజినెస్ స్కూల్‌లో 52.1301 కింద నడిపే అనలిటిక్స్ ప్రోగ్రామ్ మాత్రం స్టెమ్. స్టెమ్ అయితే చదువు తర్వాత 12 నెలల ఓపీటీకి (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి) ఇంకో 24 నెలలు కలిసి మొత్తం మూడేళ్లు, కాకపోతే ఒక్క ఏడాదే. ఈ ఒక్క నంబరు వల్ల రెండేళ్ల జీతం తేడా వస్తుంది, అయినా చాలామంది దీన్ని అడగరు. ఇంకా ఐ-20 రాలేదంటే డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌కి ఒక్క లైను మెయిల్ పెడితే చెప్తారు.

ర్యాంకు గురించి ఒక మాట. క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల లిస్టులో యూనివర్సిటీ 180లో ఉందా 240లో ఉందా అన్నదాన్ని చూసి ఇరవై లక్షలు ఎక్కువ పెట్టకండి. ఆ ర్యాంకులో రీసెర్చ్ పేపర్లకి, ప్రొఫెసర్ల సర్వేలకి మార్కులుంటాయి, మీ ఎంఎస్ బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో దాంట్లో కనపడదు. పీహెచ్‌డీ అయితే ర్యాంకు కన్నా గైడ్ ఎవరు అనేది వంద రెట్లు ముఖ్యం. ర్యాంకు నిజంగా పనికొచ్చేది స్కాలర్‌షిప్ రూల్స్ దగ్గర. ఉదాహరణకి ఎస్సీ విద్యార్థులకి ఎక్కువ సీట్లుండే కేంద్రం వాళ్ల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 125 మందికి ఇస్తారు, యూనివర్సిటీ క్యూఎస్ టాప్ 500లో ఉండాలి. అలాంటిదానికి మీరు అర్హులైతే మాత్రం ర్యాంకు చూసే తీరాలి.

నాలుగో అడుగు: డబ్బు లెక్క. ఇక్కడ రెండు రోజులు కూర్చోండి

అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చేయండి ఇది. ఫోన్‌లో వద్దు, ఒక పెద్ద నోట్‌బుక్ లేదా ఎక్సెల్ షీట్ తీసుకుని ఒక్కో ఆఫర్‌కి ఒక్కో కాలమ్ వేయండి. ట్యూషన్ మొత్తం కోర్సుకి, సెమిస్టర్ ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్, ఇంటి అద్దె, తిండి, బస్సు, వీసా ఫీజులు, ఫ్లైట్ టికెట్, మొదటి నెల అడ్వాన్సు, ల్యాప్‌టాప్, చలి బట్టలు. ఐ-20 మీద ఉండే మొత్తం మామూలుగా ఒక్క అకడమిక్ ఇయర్‌కి వేసిన అంచనా మాత్రమే, కోర్సు మొత్తానిది కాదు. దాన్ని చూసి ఇంతే కదా అనుకుని లోన్ తీసుకున్నవాళ్లు రెండో ఏడాది ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగాల్సి వస్తుంది.

ఉదాహరణకి డాలర్ 90 రూపాయలు అనుకుందాం. ఒక ఆఫర్ పెద్ద సిటీలో ప్రైవేట్ యూనివర్సిటీ, రెండేళ్ల ట్యూషన్ 60 వేల డాలర్లు, ఉండటానికి ఏడాదికి 18 వేలు. మొత్తం 96 వేల డాలర్లు, అంటే 86 లక్షల పైన. రెండోది చిన్న ఊళ్లో స్టేట్ యూనివర్సిటీ, ట్యూషన్ 30 వేలు, ఉండటానికి ఏడాదికి 11 వేలు, మొత్తం 52 వేలు, అంటే దాదాపు 47 లక్షలు. తేడా 40 లక్షల దగ్గర. పదేళ్ల లోన్ 11 శాతం వడ్డీకి లక్షకి నెలకి సుమారు 1,378 రూపాయల ఈఎంఐ పడుతుంది, అంటే ఈ తేడాకే నెలకి 54 వేల పైన, పదేళ్ల పాటు. పేరున్న యూనివర్సిటీ ఆ 54 వేలు ప్రతి నెలా అదనంగా తెచ్చిపెడుతుందా? కొన్నిసార్లు తెస్తుంది, ఉదాహరణకి కంపెనీలు క్యాంపస్‌కే వచ్చి తీసుకునే ప్రోగ్రామ్ అయితే. చాలాసార్లు తేదు.

మారటోరియం అనే మాట బ్యాంకులో చెప్తారు, చదువు అయ్యి ఆరు నెలలో ఏడాదో దాకా ఈఎంఐ ఉండదని. ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ ఆగదు. 40 లక్షల లోన్‌ని నాలుగు సెమిస్టర్లకి పది పది లక్షలుగా తీసుకుంటే, కట్టడం మొదలయ్యే రోజుకి, అంటే రెండున్నరేళ్లకి, దాదాపు 8 లక్షల వడ్డీ కలిసి 48 లక్షలు అవుతుంది. ఈఎంఐ 55 వేలు అనుకున్నది 66 వేలు అవుతుంది. నాయన కానీ అమ్మ కానీ ఉద్యోగంలో ఉంటే ఆ రెండేళ్లు వడ్డీ వరకైనా నెలనెలా కట్టేయండి, అదే పెద్ద సాయం.

లోన్ దగ్గర మన ఏరియా సంగతులు కొన్ని ఉన్నాయి. మన బ్యాంకుల్లో మామూలుగా నడిచే పద్ధతి ప్రకారం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. చాలా బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్‌కి వ్యవసాయ భూమి తీసుకోవు, మామిడి తోట ఎన్ని ఎకరాలున్నా సరే ఇల్లో ప్లాటో కావాలంటాయి. డీకేటీ పట్టా భూములు (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు) అసలు పనికిరావు. తిరుపతిలో కొన్ని చోట్ల మఠం భూముల గొడవ, 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) సమస్య ఉంది, మీ ఇల్లు ఆ లిస్టులో ఉందేమో ముందే చూసుకోండి, ఈసీ తీయండి, లింక్ డాక్యుమెంట్లు అన్నీ ఉన్నాయా చూడండి. లీగల్ ఒపీనియన్‌కి, వాల్యుయేషన్‌కి వారాలు పడతాయి, ఈ పనులన్నీ ఆఫర్ ఫైనల్ చేసుకున్నాక మొదలుపెడితే డెడ్‌లైన్ దాటిపోతుంది. ఆస్తి లేకుండా ఇచ్చే ప్రైవేట్ ఫైనాన్స్ సంస్థల దగ్గర వడ్డీ ఎక్కువ, ఒక్క శాతం తేడా కూడా పదేళ్లకి లక్షల్లోకి పోతుంది కాబట్టి కనీసం మూడు చోట్ల రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. వడ్డీ మీద ఎనిమిదేళ్ల దాకా పన్ను తగ్గింపు ఉంది, పాత ట్యాక్స్ విధానంలో ఉన్నవాళ్లకి. బ్యాంకు లోన్ డబ్బు బయటికి పంపితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పడదు, సొంత డబ్బు అయితే ఏడాదికి పది లక్షలు దాటినదాని మీద పడుతుంది, అది తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ ఆ టైమ్‌కి డబ్బు చేతిలో ఉండాలి.

ఐదో అడుగు: తిరిగొస్తే ఏంటి

మొదట్లో చెప్పిన ప్రశ్న ఇదే. ఒక్కో ఆఫర్ కింద ఈఎంఐ రాశారు కదా, దాని పక్కన మీరు ఇదే డిగ్రీతో బెంగళూరులోనో చెన్నైలోనో చేరితే నెలకి చేతికి ఎంత వస్తుందో రాయండి. పెద్ద అంకె వేయొద్దు, ఇప్పుడు మీ సీనియర్లకి రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్‌తో వస్తున్న జీతం వేయండి. ఏడాదికి ఎనిమిది లక్షల ప్యాకేజీ అంటే చేతికి వచ్చేది నెలకి అరవై వేల దగ్గర. 66 వేల ఈఎంఐ ఆ జీతంతో కట్టలేం. ఆ జీతంలో సగం, ప్లస్ ఇంట్లోవాళ్లు ఏమీ అమ్మకుండా నెలకి పెట్టగలిగింది, రెండూ కలిపితే ఈఎంఐకి సరిపోవాలి. సరిపోతే ఆ ఆఫర్ లిస్టులో ఉంటుంది, సరిపోకపోతే ఎంత పేరున్న యూనివర్సిటీ అయినా పక్కన పెట్టండి. ఇది కఠినంగా ఉంటుందని తెలుసు. కానీ ఈ లెక్క పాసైన ఆఫర్‌తో వెళ్లినవాళ్లు అక్కడ జాబ్ లేని నెలల్లో కూడా నిద్రపోగలుగుతారు, దొరికిన ఏ కన్సల్టెన్సీ ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టమన్నా పెట్టాల్సిన గతి పట్టదు.

పార్ట్‌టైమ్ డబ్బుని ఈ లెక్కలో అస్సలు వేయకండి. అమెరికాలో సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే, అది దొరికితే. బయట రెస్టారెంట్లో పెట్రోల్ బంకులో చేయడం చట్టవిరుద్ధం, దొరికితే వీసా పోతుంది. బ్రిటన్‌లో వారానికి 20 గంటలు, కెనడాలో 24, ఆస్ట్రేలియాలో పదిహేను రోజులకి 48. ఆ డబ్బు వస్తే కూరగాయలకి, ఫోన్ బిల్లుకి ఉపయోగపడుతుంది, ఫీజు కడతాననుకుంటే కుదరదు.

ఆరో అడుగు: చదువు తర్వాత ఎన్నాళ్లు ఉండనిస్తారు

దేశాలు వేరైనప్పుడు ఆఫర్లు పోల్చడం కష్టం అంటారు. ఖర్చు, చదువు తర్వాత దొరికే టైమ్, ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలా వరకు తేలిపోతుంది.

అమెరికాలో స్టెమ్‌కి మూడేళ్లు అని చెప్పుకున్నాం. అందులో మొదటి ఏడాది ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి మొత్తం 150 రోజులు. తర్వాత హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా, ఏడాదికి 85 వేలే. 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పుడు మన ఇళ్లలో ఎంత భయపడ్డారో అందరికీ గుర్తుంది, ఆ తర్వాత అధికారులు ఇచ్చిన వివరణ ప్రకారం అక్కడే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదు. సెలెక్షన్ కూడా జీతం లెవెల్ ఎక్కువ ఉన్నవాళ్లకి ఎక్కువ అవకాశం ఉండేలా మార్చారు. అంటే మూడేళ్లలో ఖచ్చితంగా హెచ్-1బీ వస్తుంది అనుకుని అప్పు చేయకూడదు, మూడేళ్ల జీతంతో అప్పులో పెద్ద భాగం తీరేలా ఆఫర్ ఎంచుకోవాలి. 47 లక్షల ఆఫర్‌లో అది జరిగే పని. 86 లక్షల ఆఫర్‌లో అన్నీ కలిసి రావాలి.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఒక్క ఏడాదే, ఖర్చు ఒకేసారి పడుతుంది, తొందరగా అయిపోతుంది. చదువయ్యాక ఉండి ఉద్యోగం చేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ వీసా రెండేళ్లు ఉండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే, పీహెచ్‌డీ వాళ్లకి మాత్రం మూడేళ్లు. ఈ సెప్టెంబర్‌లో చేరే ఆలోచన ఉంటే మీరు ఏ తేదీకి పూర్తి చేస్తారో చూసుకుని లెక్కవేయండి. హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776 పౌండ్లు, ఏడాది కోర్సుకి వీసా ఏడాదిన్నర దగ్గరగా ఇస్తారు కాబట్టి 1,164 పౌండ్లు వీసాతో పాటే కట్టాలి. పెళ్లయినవాళ్లు గుర్తుపెట్టుకోండి, 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌కి భార్యనో భర్తనో తీసుకుపోవడానికి లేదు.

జర్మనీ అంటే ఫ్రీ అనేస్తారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా వరకు ట్యూషన్ లేదు, నిజమే, కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ అయితే మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి 12 లక్షల దాకా, అది మీ ఖర్చుకే నెలనెలా 992 యూరోల చొప్పున మీకే వస్తుంది. మన చదువు పేపర్లు సరైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి తప్పనిసరి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. అప్పు భయం ఎక్కువ ఉన్న ఇంటికి నేను మొదట చెప్పేది జర్మనీయే, ఒక్క షరతు మీద, జర్మన్ భాష బీ1 (మధ్య స్థాయి) దాకా అయినా నేర్చుకునే ఓపిక ఉండాలి. ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషుతోనే ఉద్యోగం దొరుకుతుంది అనుకుని పోయినవాళ్లే ఇబ్బంది పడేది.

కెనడాలో మాస్టర్స్ ఏడాదిదైనా మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తుంది, అది మంచి పాయింటు, డిప్లొమాలకి మాత్రం కోర్సు ఎంత కాలమో, ఏ సబ్జెక్టో చూస్తారు. ఖర్చులకి చూపించాల్సింది 2025 సెప్టెంబర్ నుంచి 22,895 కెనడా డాలర్లు. తొందరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబర్‌లోనే ఆపేశారు. ఐర్లాండ్‌లో మాస్టర్స్ తర్వాత రెండేళ్లు. ఆస్ట్రేలియాలో వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, రిజెక్ట్ అయితే వెనక్కి రాదు.

ఏడో అడుగు: మనుషులతో మాట్లాడండి

కన్సల్టెన్సీ వాళ్లని పూర్తిగా తప్పుపట్టను, పేపర్ పని బాగా చేసిపెట్టేవాళ్లు తిరుపతిలోనే ఉన్నారు. కానీ చాలా యూనివర్సిటీలు స్టూడెంట్‌ని చేర్చినందుకు వాళ్లకి కమిషన్ ఇస్తాయి, కాబట్టి మొహం మీదే అడగండి, ఈ మూడింట్లో మీకు కమిషన్ వచ్చేది ఏది అని. నిజాయితీగా ఉన్నవాళ్లు చెప్తారు. చెప్పకుండా మాట మారిస్తే ఆ సలహా ఎంత తూగుతుందో మీకే అర్థమవుతుంది.

సలహా కోసం వెతకాల్సింది ఆ ప్రోగ్రామ్‌లో ఇప్పుడు రెండో సెమిస్టర్ చదివేవాళ్లని, పోయిన ఏడాది పాసైనవాళ్లని. లింక్డిన్‌లో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, పాసైన సంవత్సరం పెట్టి వెతికితే ముప్పై నలభై ప్రొఫైల్స్ వస్తాయి, వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారు, ఎక్కడున్నారు, ఎన్ని నెలలకి దొరికింది అనేది మీ కళ్లతో మీరే చూడొచ్చు, ఏ బ్రోచర్ కన్నా అదే నమ్మకమైన లెక్క. మెసేజ్ పెట్టేటప్పుడు అన్నా, అక్కా ఎలా ఉంది యూనివర్సిటీ అని అడిగితే బాగుంది అంటారు, ఇంకేం చెప్తారు. సూటిగా అడగండి: మీ బ్యాచ్‌లో ఇంకా జాబ్ రానివాళ్లు సుమారు ఎంతమంది, అద్దె నెలకి నిజంగా ఎంత అవుతుంది, క్యాంపస్ జాబ్ దొరకడానికి ఎంత టైమ్ పట్టింది, మళ్లీ ఛాన్స్ వస్తే ఇదే యూనివర్సిటీ తీసుకుంటారా. చివరి ప్రశ్నకి జవాబు చెప్పేముందు వాళ్లు ఆలోచిస్తే, ఎందుకని ఇంకొంచెం అడగండి.

ఇంట్లో కూడా ఓపెన్‌గా మాట్లాడుకోవాల్సిన విషయాలున్నాయి. అక్కడ మన చిన్నాన్న ఉన్నాడు కాబట్టి ఆ ఊరే అనడం మన దగ్గర మామూలు, మొదటి రెండు వారాలకి నిజంగా చాలా సాయం, కానీ రెండేళ్ల చదువుని దాన్ని బట్టి నిర్ణయించొద్దు. ఆడపిల్లల విషయంలో సంబంధాలు చూస్తున్నాం, ఏడాది కోర్సు అయితే చాలు అనే మాట వస్తుంది. అమ్మా నాన్నా, ఆ మాట ఉంటే ఇప్పుడే అమ్మాయి ముందు పెట్టండి, డిపాజిట్ కట్టాక కాదు. తనకి ఏం కావాలో తను చెప్పనివ్వండి, అప్పు తీర్చాల్సింది తనే కదా.

ఎనిమిదో అడుగు: టైమ్ అడగండి, డబ్బు అడగండి

అడిగితే ఆఫర్ తీసేస్తారేమో అని మన పిల్లలకి భయం. మర్యాదగా అడిగితే అలా ఎవరూ తీసేయరు. ఇంకో యూనివర్సిటీ నుంచి ఫండింగ్ విషయం తేలాల్సి ఉంది, ఫలానా తేదీ దాకా గడువు ఇవ్వగలరా అని నాలుగు లైన్ల మెయిల్ చాలు. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్లు చాలా వరకు ఒప్పుకున్న ఏప్రిల్ 15 ఒప్పందం ఉంది, దాని ప్రకారం అసిస్టెంట్‌షిప్ లాంటి ఫండింగ్ ఆఫర్ ఇచ్చినవాళ్లు ఏప్రిల్ 15 కన్నా ముందే ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. ఫండింగ్ లేని మామూలు ఎంఎస్ అడ్మిట్‌కి ఇది వర్తించదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

ఫీజు తగ్గించమని అడిగేటప్పుడు కష్టాల కథ రాయకండి. వేరే చోట ఇంత స్కాలర్‌షిప్ వచ్చింది, లెటర్ జతచేశాను, నాకు మీ ప్రోగ్రామ్ ఈ కారణం వల్ల ఇష్టం, మెరిట్ స్కాలర్‌షిప్ కానీ అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు మినహాయింపు కానీ పరిశీలిస్తారా అని అడగండి. డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లకి టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పనుల గురించి రాసేటప్పుడు వాళ్ల పేపర్ ఒకటైనా చదివి రాయండి. మూడు ఆఫర్లూ ఐదో అడుగు దాటకపోతే ఒక ఏడాదికి డిఫర్ (అడ్మిషన్ వాయిదా) ఇస్తారా అని అడగడంలో తప్పే లేదు, ఆ ఏడాది ఇక్కడే ఉద్యోగం చేసి కొంత కూడబెట్టి, మళ్లీ అప్లై చేసి మంచి ఫండింగ్‌తో పోయినవాళ్లు ఉన్నారు. ఏడాది పోయిందని ఊళ్లోవాళ్లు అనే మాట కోసం నలభై లక్షల అప్పు నెత్తిన పెట్టుకోకండి.

ఒప్పుకున్నాక

డిపాజిట్ కట్టిన వెంటనే మిగతా యూనివర్సిటీలకి నో చెప్పేయొద్దు, వాళ్ల గడువు ఉన్నంత వరకు ఒక బ్యాకప్ ఉంచుకోండి. అమెరికా అయితే సెవిస్ (ఫారిన్ స్టూడెంట్ల రికార్డు సిస్టమ్) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. రెండు ఐ-20లు ఉంటే మీరు చేరబోయే యూనివర్సిటీ ఐ-20తోనే వీసాకి పోవాలి, సెవిస్ ఫీజు ఇంకోదానికి కట్టేసి ఉంటే దాన్ని కొత్త సెవిస్ నంబర్‌కి మార్పించుకోవచ్చు, మళ్లీ కట్టక్కర్లేదు. ఇంటర్వ్యూకి హైదరాబాదే పోవాలని లేదు, చెన్నైలో స్లాట్ దొరికితే మనకి అదే దగ్గర, పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఎందుకు ఈ యూనివర్సిటీ అని అడుగుతారు, మీరు పైన చేసిన షీట్‌లో ఉన్న కారణాలే చెప్పండి, బట్టీ పట్టిన జవాబుల కన్నా అవి బాగా వస్తాయి.

బ్రిటన్‌కి పోయేవాళ్లు డబ్బు అకౌంట్‌లో 28 రోజులు వరుసగా ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా మళ్లీ మొదటి నుంచి లెక్క. 2025 నవంబర్ నుంచి లండన్ అయితే నెలకి 1,529 పౌండ్లు, బయట అయితే 1,171, తొమ్మిది నెలలకి, దానికి కట్టాల్సిన ఫీజు బాకీ కలపాలి. అందుకని చిట్టీ పాడో, బంధువుల దగ్గర తీసుకునో వేసే డబ్బు ఉంటే నెలన్నర ముందే వేయించండి.

వీసా స్టాంప్ పడ్డాకే ఫ్లైట్ బుక్ చేయండి, అది కూడా తేదీ మార్చుకునే టికెట్. వీసా వచ్చాక బ్యాకప్‌గా పెట్టుకున్న యూనివర్సిటీలకి థ్యాంక్స్ చెప్పి, రావట్లేదని ఒక మెయిల్ పెట్టండి, మీ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. బయల్దేరే ముందు బ్యాంకు మేనేజర్‌ని కలిసి రెండో సెమిస్టర్ ఫీజు రిలీజ్ చేయడానికి ఏ పేపర్లు, ఎన్ని రోజుల ముందు పంపాలో రాయించుకోండి, నాయనకి కూడా ఒక కాపీ ఇచ్చి పొండి.